నూట పదమూడో కే

ఓబులేసుకు వచ్చిన చిక్కేమిటంటే, అతను ఔట్ చేసిన మనిషి ఔట్ కాలేదు.

కాకపోయినా, ఔట్ చేసినట్టు అతని పేరున అంకె పడింది. ఆ ఒక్క అంకెతో జట్టు చరిత్రలో అందరినీ దాటిపోయాడు. ఆ బంతితోనే మ్యాచ్ పోయింది. ఆ రోజు నుంచి ప్రాణస్నేహితుడు మైదానం వైపు రావడం మానేశాడు.

ఇదేం మాయ అనుకుంటున్నారు కదా? నిదానంగా చెబుతాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది బేస్‌బాల్ సంగతి. మీలో ఎంతమందికి ఆ ఆట తెలుసో నాకు తెలియదు. ఈ కథలో గురువుగారు మదారుసామికీ తెలియదు. కనక ఆట రానివాళ్ళెవరూ మొహమాటపడొద్దు. పెద్దాయన పక్కన చాప మీద చోటు దొరికిందనుకోండి.

పెనుకొండ దిక్కున కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా దేశపు ఇంజనీర్లు అక్కడ కాపురాలు పెట్టారు. మనకు క్రికెట్ ఎట్లాగో వాళ్ళకు బేస్‌బాల్ అట్లాగ. వాళ్ళలో పార్క్ అనే ఆయన సాయంత్రం పూట ఊరి కుర్రాళ్ళను పోగుచేసి ఆట నేర్పాడు. ఊళ్ళోవాళ్ళకు ఆ పేరు నోరు తిరక్క 'పాకు సారు' అన్నారు. తమాషా ఏమిటంటే, వాళ్ళ భాషలో ఆ పేరు పలికేది కూడా దాదాపు అట్లాగేనట. బీడుపడిన వేరుశనగ చేను మైదానమైంది. పక్కన ఒక గది కట్టుకున్నారు. జట్టు పుట్టినప్పటి నుంచి బంతి విసిరిన ప్రతివాడి పేరూ, వాడు పడగొట్టినవాళ్ళ లెక్కా ఆ గది గోడ మీద నీలి రంగుతో రాయించారు.

ఆట మరీ కష్టమేమీ కాదు. ఒకడు బంతి విసురుతాడు. వాడు పిచ్చర్. ఎదురుగా బ్యాటు పట్టుకుని ఇంకొకడు నిలబడతాడు. వాడి వెనకాల, మోకాళ్ళ మీద కూర్చుని, తోలు తొడుగు వేసుకున్న చేత్తో బంతి పట్టేవాడు క్యాచర్. బ్యాటువాడు మూడుసార్లు తప్పాడా, వాడి పని అయిపోయినట్టే. దాన్ని స్ట్రైకవుట్ అంటారు. గోడ మీద దానికి గుర్తు ఇంగ్లీషు అక్షరం 'కే'. కేలు ఎక్కువై గోడ చాలకపోయేసరికి పేరు పక్కన ఒక కే వేసి అంకె రాయడం మొదలుపెట్టారు.

అందరికన్నా పైన సిద్ధప్ప పేరు ఉండేది. నూట పన్నెండు. జట్టుకు మొదటి పిచ్చర్ ఆయన. భుజం పోయాక ఆట మానేసి, జట్టుకు పెద్దదిక్కుగా ఉంటూ లెక్కలు రాసేవాడు. అన్నిటికన్నా కింద నారాయణప్ప ఉన్నాడు. అతనికి ఒక్క కే ఉంది. చోటు చాలడం లేదు, చెరిపేస్తామంటే వాళ్ళావిడ వచ్చి గోడకు అడ్డం నిలబడింది. ఇప్పటికీ ఉంది ఆ కే, దండం పెట్టుకునేంత పెద్ద అక్షరంతో.

ఓబులేసు సిద్ధప్పతో సమానమయ్యాక ధర్మవరంలో మ్యాచ్ వచ్చింది.

ఆఖరి ఘట్టం. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఈ ఆటలో బంతి కొట్టినవాడు మూడు మెట్లు చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే 'ఇంటికి', చేరితే ఒక పరుగు. ధర్మవరం వాడొకడు మూడో మెట్టు దాకా వచ్చి, ఇంకొక్క పరుగుకు కాచుకుని ఉన్నాడు. ఇంకొక్క ఔట్ పడితే వాడి ఆశ అడియాసే. బ్యాటువాడు అప్పటికే రెండుసార్లు తప్పాడు. ఓబులేసు బంతి విసిరాడు. వాడు గాలిని కొట్టాడు. మూడు!

ఊరి జనం లేచి ఈలలు వేశారు. కానీ బంతి అంజినప్ప చేతి కిందనుంచి జారి వెనక్కి దొర్లిపోయింది. అంజినప్పే క్యాచర్. ఆ ఆటలో ఒక విచిత్రమైన నియమం ఉంది. ఇట్లాంటప్పుడు మూడో బంతిని వెనకున్నవాడు పట్టలేకపోతే, తప్పినవాడు కూడా పరిగెత్తవచ్చు. వాడు పరిగెత్తాడు. అంజినప్ప బంతి ఎత్తి విసిరేలోపల మొదటి మెట్టు చేరాడు. మూడో మెట్టు మీదివాడు ఇంటికి వచ్చాడు. ధర్మవరం గెలిచింది.

చూశారా తమాషా? బ్యాటువాడు ఔట్ కాలేదు. అయినా స్ట్రైకవుట్ స్ట్రైకవుటే. పిచ్చర్ పేరున కే పడుతుంది. ఓబులేసుకు నూట పదమూడు.

సిద్ధప్ప తన చేత్తోనే, తన పేరు పైన, ఓబులేసు పేరు రాశాడు.

అంతకుముందే జరగాల్సింది జరిగిపోయింది. మ్యాచ్ అయిన వెంటనే, ధూళి ఇంకా అణగకముందే, ఓబులేసు అంజినప్ప మీదికి వెళ్ళి అందరి ముందర అరిచాడు: "పట్టేదానికి రానోడివి ఆడ ఎందుకు కూర్చున్నావురా?" అతని వెనకాల జట్టంతా అదే పాట పాడింది. అంజినప్ప తొడుగు విప్పి నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం ఓబులేసు మదారుసామి దగ్గరికి వచ్చాడు.

కొండ మొదట్లో చిన్న దర్గా ఉంది. సామి దూదేకులవాళ్ళ ఇంట పుట్టిన మనిషి. దర్గా చూసుకుంటూ, పొద్దుపోనప్పుడు పాత చీరలతో బొంతలు కుట్టేవాడు. నమాజు చేసేవాళ్ళూ, కొబ్బరికాయ కొట్టేవాళ్ళూ ఆయన ముందర ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. ఓబులేసూ, అంజినప్పా చిన్నప్పటినుంచీ ఆయన శిష్యులే.

"సామీ, అంజినప్పను పిలిపించి ఒక మాట చెప్పల్ల మీరు," అన్నాడు ఓబులేసు కూర్చుంటూనే. "మీరు చెప్తే ఇంటాడు. ఆదివారం హిందూపురం వాళ్ళతో మ్యాచ్. గెలిస్తే రాష్ట్రం పోటీలకు పోతాం. వాడు రాకపోతే నా బంతి పట్టేవాడు జట్టులో ఇంగొకడు లేడు."

"ఎందుకు రానంటాడప్పా?"

"తప్పు చేసినోడే అలిగితే ఏం చెప్పేది సామీ? బంతి వదిలింది వాడు. నేనొక మాట అంటి. అందరూ అనిరి. ఆ మాత్రానికే పోయి ఇంట్లో చేరినాడు."

మదారుసామి సూది ఆపాడు. "నాకు ఈ ఆట తెలీదు కదప్పా. మొదట్నించీ చెప్పు."

ఓబులేసు చెప్పాడు. గోడ దాకా వచ్చేసరికి ఛాతీ కాస్త పొంగింది. కే గురించి చెబుతుంటే సామి చెయ్యి ఎత్తాడు.

"స్ట్రైకవుట్ అంటే మొదట ఎస్ కద ఉండల్ల? నేను మూడో తరగతి చదివినోణ్ణి, నన్ను ఏమార్చొద్దు."

"పాకు సారు కే అనే రాసినాడు సామీ. లోకమంతా కే అనే రాస్తారంట."

"ఎందుకంట?"

"అడగలేదు."

"అడిగింటే బాగుండె. నాకింగ ఈ రాత్రి నిద్ర పట్టదు." సామి నవ్వాడు. "సరే, చెప్పు."

"ఇంగొకటుంది సామీ. బ్యాటు ఊపకుండా, బంతిని చూస్తా నిలబడి ఔటైనోడికి కేను తిరగేసి రాస్తాం."

సామి ముఖం వెలిగిపోయింది. "ఊపి తప్పినోడికి ఒక తీరు, ఊపకుండా నిలబడినోడికి ఇంగో తీరు! రాసేవాళ్ళు గట్టోళ్ళప్పా. మన లెక్క రాసే పైవాడు కూడా అట్లనే రాస్తా ఉంటాడేమో. నాదంతా తిరగేసిన కేలే ఉంటాయి."

ఓబులేసు కూడా నవ్వాడు. అట్లా నవ్వి చాలా రోజులైంది.

"మరి ఔట్ ఎవరి పేరున రాస్తారు?" సామి అడిగాడు.

"కే నాది సామీ. ఔట్ మాత్రం బంతి పట్టినోడి పేరున రాస్తారు. అంటే అంజినప్ప పేరున. అది రూలు."

"అట్లనా! అయితే గోడ మీద వాని పేరు ఏ పక్క ఉంది?"

"పట్టేవాళ్ళవి గోడ మీద రాయరు సామీ."

సామి దారం పంటితో తెంపి, ఇంకో పోగు తీసుకున్నాడు.

"మీరిద్దరూ అంత ఎడంగా ఉంటిరి కదప్పా. ఏ బంతి వేయల్లో ఎట్లా మాట్లాడుకుంటారు?"

ఓబులేసు హుషారుగా లేచి, క్యాచర్ కూర్చునేటట్టు మోకాళ్ళ మీద కూర్చుని చూపించాడు. "వాడు ఇట్లా కూర్చుని, తొడల మధ్య వేళ్ళు చూపిస్తాడు. బ్యాటువాడికి కనపడదు, జనానికి కనపడదు. నాకొక్కడికే కనపడతాది. ఒక వేలంటే తిన్నగా పోయే బంతి. రెండంటే దగ్గరికి పోయి కిందికి జారిపోయేది. జారేది నేను వేస్తే కొట్టే మగాడు ఈ జిల్లాలో లేడు సామీ."

"బాగుందే. ఆ ఆఖరి బంతికి ఎన్ని వేళ్ళు చూపించినాడు?"

మోకాళ్ళ మీద కూర్చున్న ఓబులేసు అట్లాగే ఉండిపోయాడు.

"ఎన్నో... గుర్తు లేదు సామీ. గొడవలో ఉంటిమి కద."

"పోనీలే," అన్నాడు మదారుసామి, సూదిలో దారం ఎక్కిస్తూ. "సాయంత్రం చక్కెర చదివిస్తాం. ఉండి, తీసుకుని పో."

"మరి అంజినప్పకు చెప్తారా?"

"ముందు చక్కెర తిను."

చక్కెర చదివింపు మీరు చూసే ఉంటారు. భక్తులు మొక్కుకుని చక్కెర తెస్తారు. సమాధి ముందర పెట్టి ఫాతెహా చదువుతారు. ఆ తర్వాత అది మామూలు చక్కెర కాదు. ఒక్క పలుకు కింద పడినా కళ్ళకద్దుకుని ఏరుకునేవాళ్ళు ఉన్నారు. ఆ రోజు పొద్దు వాలింది, ఊదు పొగ లేచింది, జనం వరసగా కూర్చున్నారు.

పంచడానికి ముందు మదారుసామి పళ్ళెంతో ఓబులేసు దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగాడు.

"మీ సైగల ఆట నాకు శానా నచ్చిందప్పా. మనమూ ఆడదాం. నీ వంతు వచ్చినప్పుడు పళ్ళెం కింద వేళ్ళు చూపిస్తా. ఒకటైతే దోసిలి పట్టు. రెండైతే భుజం మీది తువ్వాలు తీసి పక్కన పరుచు. ఎవరికీ తెలీకూడదు సుమా."

ఓబులేసుకు ముచ్చటేసింది. అంత పెద్దాయన చిన్నపిల్లాడిలా అడుగుతుంటే ఎవరికి ముచ్చటెయ్యదు?

సామి వరస మొదటినుంచి పంచుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరూ దోసిట్లో పట్టి, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుంటున్నారు. ఓబులేసు ముందర ఆగాడు. పళ్ళెం కింద ఒక వేలు కనిపించింది.

ఓబులేసు చక్కగా దోసిలి పట్టాడు.

సామి గుప్పెడు చక్కెర తీసి, దోసిట్లో కాదు, పక్కన, రెండు వేళ్ళైతే తువ్వాలు పరచాల్సిన చోట పోశాడు.

చక్కెర బండల మీద పడింది.

జనం ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వరసలో పక్కన కూర్చున్న లాలమ్మ, డెబ్బై దాటిన ముసలమ్మ, ఓబులేసు భుజం మీద ఒక్కటి వేసింది. "ఏందిరా, చదివించిన చక్కెర! నేలపాలు చేస్తివి కదరా! చేతులు లేవా నీకు?"

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "గోడ మీద పేరు ఎక్కినాక కింద చూపు ఆనుతుందా లాలమ్మవ్వా?"

"నాయనా, పట్టేదానికి రానోడివి వరసలో ఎందుకు కూర్చున్నావు?" అని ఇంకొకాయన.

ఓబులేసు ముఖం కందిపోయింది. అందరూ తననే చూస్తున్నారు. సామి వైపు చూశాడు. సామి కూడా, ఏమీ ఎరగనట్టు, తననే చూస్తున్నాడు.

"నాదేం తప్పు?" అని లేచాడు ఓబులేసు. "చూపించింది ఒకటి, వేసింది ఇంగొకటి అయితే ఎవడు పట్టేది..."

నోరు అక్కడే ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. లాలమ్మ అతన్ని, సామిని మార్చి మార్చి చూసింది.

మదారుసామి గొంతు తగ్గించి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నేను పోసింది మటుకు పోసినట్టే కదప్పా? నా లెక్కలో పంచినట్టే కదా?"

ఓబులేసు తల వంచి బండల మీది చక్కెర వైపు చూశాడు.

"నేలపాలు కాలేదులే అమ్మా," అని సామి లాలమ్మతో అన్నాడు. "చీమలు కూడా వరసలో ఉండాయి. మనం చూడలేదంతే." అని పళ్ళెంతో పక్కమనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. అంజినప్పను పిలిపించే మాట ఆయనా ఎత్తలేదు, ఓబులేసూ అడగలేదు. బండల మీద కూర్చుని, చేతికి దొరికిన పలుకులు దొరికినట్టు ఏరుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మైదానంలో జట్టంతా ఉన్నప్పుడు ఓబులేసు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"ధర్మవరంలో అంజినప్ప తిన్నగా వేయమని చూపించినాడు. నేను జారేది వేస్తి. దాన్నైతే బ్యాటువాడు కొట్టలేడని, కే గ్యారంటీగా వస్తాదని వేస్తి. అంజినప్ప కాచుకున్నది ఒకచోట. బంతి పోయింది ఇంగోచోట."

బంతిని చేతుల మధ్య తిప్పుతున్నవాడు తిప్పడం ఆపేశాడు. సిద్ధప్ప కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కే మటుకు నీదేనప్పా," అన్నాడు చివరికి. "బ్యాటువాడు తప్పింది తప్పినట్టే. అది కొట్టేసేదానికి రూలు లేదు. కొట్టేస్తే నేను మళ్ళీ నీతో సమానమవుతా కాబట్టి, అసలే కొట్టేయను."

"కొట్టేయమని అడగలేదన్నా. పుస్తకంలో అంజినప్ప మీద రాసిన తప్పు తీసి, నా మీద రాయి."

"రాస్తా. మరి నువ్వు వాణ్ణి అన్న మాట? అది నా పుస్తకంలో లేదు కద, నేను తీసేసేదానికి."

"దానికే పోతాండా," అన్నాడు ఓబులేసు.

అంజినప్పవాళ్ళు పట్టుపురుగులు మేపుతారు. ఇంటి వెనక పొడుగాటి షెడ్డు, అందులో తట్టలు తట్టలుగా పురుగులు. నాలుగోసారి పొర విడిచాక వాటికి ఆకలి ఎక్కువ. దాన్ని వాళ్ళు 'నాలుగో జ్వరం లేచింది' అంటారు. అప్పుడు ఎంత మల్బరీ ఆకు వేసినా చాలదు. వేలకొద్దీ నోళ్ళు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే, షెడ్డు బయట నిలబడ్డవాడికి రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు వినిపిస్తుంది.

అంజినప్ప లోపల ఆకు పరుస్తున్నాడు. గుమ్మంలో నీడ చూసి తలెత్తకుండానే అన్నాడు.

"ఆడే నిలబడు. కాళ్ళు కడగకుండా లోపలికి రావొద్దు. పురుగులకు రోగం వస్తాది."

ఓబులేసు గుమ్మం బయటే ఆగాడు.

"నువ్వు ఒక వేలు చూపిస్తివి," అన్నాడు.

"ఊ."

"నేను జారేది వేస్తి."

"నాకు తెలీదా? పోయింది నా చేతి కిందనే కద."

"మరి అందరూ నిన్ను తిడతా ఉంటే, ఒక్క మాటైనా చెప్పలేదేమిరా?"

అంజినప్ప చేతిలోని ఆకు తట్ట మీద సమంగా పరిచి, నడుం నిలబెట్టాడు.

"సైగ నీకూ నాకూ మధ్యదిరా. ఊరికి చెప్పేదైతే వేళ్ళెందుకు? అరిచి చెప్పింటే పోయుండె."

షెడ్డులో ఆ సన్నటి వాన చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"బంతికి నాకు బాధ లేదు," అన్నాడు అంజినప్ప మళ్ళీ. "బంతులు పోతాయి. నేను దాన్ని ఎత్తుకుని వచ్చేసరికి, నీకు తెలిసి కూడా, అంతమంది ముందర ఆ మాట అంటివి చూడు."

"అంటి," అన్నాడు ఓబులేసు. "అనకూడని మాట అంటి. నిన్న జట్టుకు కూడా... కాదు, ఈ పొద్దు జట్టందరికీ చెప్పినా, తప్పు నాదని."

మాట తడబడింది. క్షమించమనడానికి తోలు తొడుగు ఏదైనా తెచ్చి ఉండాల్సిందా, పండ్లు తెచ్చి ఉండాల్సిందా అని చేతుల వైపు చూసుకున్నాడు. ఖాళీ చేతులు.

అంజినప్ప ఇంకో కట్ట ఆకు విప్పాడు. దాన్ని పక్క తట్ట మీద పరిచాడు.

"ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు ఆ తర్వాత.

"ఏడుకు."

"పొద్దున మేత వేయకుండా రాలేను. ఇవి గూడు కట్టేదాకా ఒక్క పూట కూడా కడుపు ఎండబెట్టకూడదు. మా అమ్మ ఒక్కతే చేసుకోలేదు."

ఓబులేసు చెప్పులు విడిచాడు. గుమ్మం పక్కన తొట్టిలోంచి నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు. చేతులు మోచేతుల దాకా కడిగి, కాసేపు గాలికి ఆరబెట్టుకున్నాడు. తర్వాత తల వంచి షెడ్డులోకి వచ్చి, ఆకు కట్ట ఒకటి చంకన పెట్టుకున్నాడు.

"ఏ తట్టకు ఎంత?" అని అడిగాడు.

అంజినప్ప చెప్పాడు. ఓబులేసు అంతే వేశాడు.